కార్డ్‌లెస్ ఫోనుకు కొత్త సెల్లు: పదమూడేళ్ల వాడకంలో తేలినది

తెనాలిలోని మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఇప్పటికీ మోగుతుంది. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చినా నంబరు మారలేదు. అమ్మకు 79 ఏళ్లు. నున్నటి తెర మీద వేలు జరపడం ఆమెకు అలవాటు కాలేదు. మీట నొక్కినట్టు చేతికి తెలియాలి, రిసీవరు చెవికి ఆనాలి. అందుకే 2012లో పానసోనిక్ కార్డ్‌లెస్ ఫోను కొన్నాం. ఆ ఫోను నేటికీ నిక్షేపంగా ఉంది. లోపలి బ్యాటరీ సెల్లు మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను. అందులో రెండుసార్లు డబ్బు వృథా అయింది, రెండుసార్లు అమ్మకు నిశ్చింత దొరికింది.

ఫోనుతో వచ్చిన సెల్లు నాలుగేళ్లు పనిచేశాయి. 2016లో ఇబ్బంది మొదలైంది. ఆదివారం ఉదయం డల్లాస్ నుంచి అన్నయ్య ఫోను చేస్తాడు. పది నిమిషాలు మాట్లాడేసరికి కుయ్ కుయ్ మని చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం. ‘వాడికేమైనా అయిందేమో’ అని అమ్మ ఆ పూటంతా కంగారుపడేది. దుకాణానికి తీసుకెళితే, ఈ మోడల్ ఇప్పుడు రావడం లేదు, కొత్త ఫోను తీసుకోండి అన్నారు. వెనక మూత తీసి చూపించమని నేనే అడిగాను. లోపల ఉన్నవి టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లలాంటివే రెండు, ట్రిపుల్ ఏ కొలతవి. తేడా ఒక్కటే, ఇవి మళ్లీ మళ్లీ చార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. పోయినవి అవే. ఫోనులో ఏ లోపమూ లేదు.

అప్పుడు కొన్నవి జత 120 రూపాయలు. పైన 1100 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలు, అంటే సెల్లు ఎంత చార్జి దాచుకోగలదో చెప్పే సంఖ్య. పాతవాటి మీద 550 అనే ఉండటంతో, రెట్టింపు లాభమనుకున్నాను. రెండు నెలలు బాగున్నాయి. అయిదో నెలకు మాట ఇరవై నిమిషాలకు పడిపోయింది. ఎనిమిదో నెలలో మూత తీస్తే స్ప్రింగు చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి. సెల్లులోని క్షార ద్రవం బయటికి కారి గడ్డకట్టడమే అది. దూదిపుల్లను నిమ్మరసంలో ముంచి మెల్లగా తుడిచి, తడిగుడ్డతో మరోసారి తుడిచి, ఒక పూట ఆరబెట్టాక గాని ఫోను తేరుకోలేదు. ఇంకో నెల ఆలస్యమైతే అది ఫోను లోపలి రేకులను తినేసేది. మరుసటి సంవత్సరం ఆన్‌లైన్‌లో వేరే పేరుతో తెప్పించిన జత కూడా ఏడాది నిండకుండానే చతికిలపడింది.

2018 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పానసోనిక్ వారి ఎనిలూప్ సెల్లు పట్టుకెళ్లాను. జత 520 రూపాయలు పడింది. ధర చూసి అమ్మ నొచ్చుకుంది. ఆ జత 2023 వేసవి దాకా, అయిదేళ్లకు పైగా నడిచింది. 120 రూపాయల జత ఎనిమిది నెలలకే పోయింది కాబట్టి ఏడాదికి 180 పడినట్టు. ఇది ఏడాదికి సుమారు నూరు రూపాయలే. చవక అంటే నాకు ఇప్పుడు ఈ లెక్కే.

కొత్త జత పెట్టిన వారం, పాత 1100 సెల్లునూ దీన్నీ మా వీధిలో బంగారం పని చేసే ఆయన దగ్గరకు తీసుకెళ్లి తూయించాను. ఎనిలూప్ 12 గ్రాముల దగ్గర ఆగింది. దాని మీద వేసిన సంఖ్య 750. 1100 అని చెప్పుకున్నది ఎనిమిది గ్రాములు కూడా తూగలేదు. శక్తిని దాచుకునేది లోపలి లోహమూ రసాయనమే కదా, అవి లేకుండా సంఖ్య ఎక్కడి నుంచి వస్తుంది? 550 అని నిజం చెప్పే సెల్లు తేలికగా ఉంటే తప్పు లేదు. పెద్ద సంఖ్య చెప్పి తేలికగా ఉన్నదాన్ని మాత్రం నమ్మవద్దు.

ఇంకో సంగతి ఆలోచించండి. కార్డ్‌లెస్ ఫోను రోజులో ఎక్కువసేపు దాని పీఠం మీదే కూర్చుని సన్నగా చార్జి తాగుతూ ఉంటుంది. దానికి కావలసింది ఓర్పు. ఎనిలూప్ మామూలు రకాన్ని 2100 సార్లు చార్జి చేయవచ్చని చెప్పే తయారీదారే, ఎక్కువ సామర్థ్యం ఉన్న ప్రో రకానికి 500 సార్లే చెబుతున్నాడు. ఎక్కువ నింపుకున్నది త్వరగా అలసిపోతుంది. అందుకే ఫోనుకు ప్రో రకం కొనమని నేనెవరికీ చెప్పను.

లోటు లేదని కాదు. ఫోను పుస్తకంలో మొదటిసారి 7 గంటలు చార్జి చేయమని ఉంది, ఈ పెద్ద సెల్లు నిండటానికి అంతకంటే ఎక్కువ పట్టింది. మొదటి రాత్రంతా పీఠం మీదే ఉంచాం. మా ఊళ్లో ఇవి దొరకవు, విజయవాడలోనో ఆన్‌లైన్‌లోనో తెచ్చుకోవాలి. తయారీ నెల చూసుకోవడం మరవకండి, షెల్ఫులో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు అంటగట్టేవారు ఉన్నారు. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే బలహీనమైనది ముందే ఖాళీ అయి దెబ్బతింటుంది. టీవీ రిమోట్‌లో వేసే మామూలు సెల్లు మాత్రం ఎంత అత్యవసరమైనా ఇందులో పెట్టకండి. చార్జి చేయకూడని సెల్లులోకి పీఠం విద్యుత్తు పంపిస్తూనే ఉంటుంది, అది కారిపోతుంది, ఒక్కోసారి పగులుతుంది.

మా పిన్ని ఇంటి ఫోనుది వేరే తరహా. మూడు సెల్లు ప్లాస్టిక్ పొరలో చుట్టి, ఎర్ర తీగ, నల్ల తీగ, చివర తెల్లటి చిన్న జాక్. అలాంటిది కొనేటప్పుడు పాత ప్యాక్‌ను జేబులో వేసుకుని వెళ్లండి. రెండు సెల్లదైతే 2.4 వోల్టులు, మూడు సెల్లదైతే 3.6, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. జాక్ సరిగ్గా పట్టినా ఎరుపు, నలుపు తీగలు తారుమారుగా ఉన్న ప్యాక్‌లు వస్తాయి. పిన్నికి దుకాణంలో మొదట ఇచ్చింది అలాంటిదే. పాతదాని పక్కన పెట్టి చూశాం గనుక తెలిసింది.

వేడి కూడా సెల్ల ఆయుష్షు తీస్తుంది. మొదట్లో అమ్మ ఫోను పీఠాన్ని టీవీ సెట్‌టాప్ బాక్సు మీద పెట్టేది, చేయి పెడితే గోరువెచ్చగా తగిలేది. 2018లో దాన్ని హాలు గూట్లోకి, ఎండ తగలని చోటికి మార్చాను. సెల్లు అయిదేళ్లు మన్నడంలో ఆ గూటికీ భాగం ఉందని నా నమ్మకం. అమ్మ ఆరు నెలలపాటు ఉండేందుకు అమెరికా వెళ్లినప్పుడు సెల్లు తీసి డబ్బాలో వేసి వెళ్లింది. తిరిగొచ్చి పెడితే మామూలుగానే పనిచేశాయి.

2023లో మళ్లీ అవే కొన్నాను. రెండేళ్లు దాటింది. రాత్రి రిసీవరును మంచం పక్కన పెట్టుకుని పడుకుంటుంది అమ్మ, తెల్లవారేసరికి చార్జి గీతలు మూడూ అలాగే ఉంటాయి. మొన్న ఆదివారం అన్నయ్యతో గంటా పది నిమిషాలు మాట్లాడింది. ఆవకాయ కొలతలు రెండుసార్లు చెప్పింది. ఫోను కుయ్యిమనలేదు.