దాణాలో బాసిల్లసా, నీళ్లలో లాక్టోబాసిల్లసా? కోడి కండకు ఏది మేలు?

షెడ్డులో కోడిపిల్లలు దింపుకొనే ముందు నాకు ఫోన్ చేసే రైతుల్లో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, ప్రోబయోటిక్ దాణాలో కలపాలా, నీళ్లలో ఇయ్యాలా? దేనికి కండ బాగా పడుతుంది?" ప్రోబయోటిక్ అంటే పేగుకు మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు; బాసిల్లస్, లాక్టోబాసిల్లస్ అందులో రెండు రకాల బ్యాక్టీరియా. నేను దాణా సొంతంగా కలిపించుకుంటాను, పెంచిన కోళ్లను మా దుకాణంలోనే కోసి అమ్ముతాను. అందుకే షెడ్డులో తూకంతో పాటు, కోశాక మొద్దు మీద మాంసం ఎలా ఉందో కూడా నాకు ముఖ్యమే.

ముందు లాక్టోబాసిల్లస్ సంగతి. అది కోడికి పరాయిది కాదు. తల్లి వెంట తిరిగే నాటుకోడి పిల్లకు తల్లి రెట్ట నుంచే మంచి సూక్ష్మజీవులు అందుతాయి. హేచరీ ట్రేలో కళ్లు తెరిచిన పిల్లకు ఆ భాగ్యం లేదు. పెద్ద కోడి పేగులోని సూక్ష్మజీవులను చిన్న పిల్లలకు పట్టిస్తే సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి పేగులో నిలదొక్కుకోలేదని 1973లోనే ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మీ, రంటాలా చూపించారు.

ఈ తొలి రోజులకూ కండకూ నేరుగా లంకె ఉంది. కండ పోగులు ఎన్ని ఉండాలో గుడ్డులో ఉండగానే దాదాపు ఖాయమవుతుంది. పుట్టాక జరిగేది ఆ పోగులు లావెక్కడమే. అందుకు కావలసిన కేంద్రకాలను (కణం నడిగుండెలను) పోగులను అంటిపెట్టుకుని ఉండే శాటిలైట్ కణాలు అందిస్తాయి, అవి బాగా చురుగ్గా పెరిగేది మొదటి వారంలోనే. ఆ వారంలో పేగు దెబ్బతిని పిల్ల సరిగా తినకపోతే, ఆ లోటు రొమ్ము కండలో మిగిలిపోవచ్చు.

మరి నా ఓటు బాసిల్లస్‌కు ఎందుకంటే, నా లెక్కలో తేల్చేది ఒక్కటే: సూక్ష్మజీవి బతికి పేగు దాకా చేరిందా లేదా. దాణాను గుళికలుగా నొక్కే పెల్లెట్ మిల్లులో ఆవిరి తగిలి దాణా వేడి 80 డిగ్రీలు దాటుతుంది. మామూలు లాక్టోబాసిల్లస్ ఆ వేడికి చాలావరకు చచ్చిపోతుంది. సబ్‌టిలిస్, లైకెనిఫార్మిస్ లాంటి బాసిల్లస్ రకాలు స్పోర్ రూపంలో, గట్టి కవచంలో నిద్రపోతూ ఉంటాయి కాబట్టి తట్టుకుంటాయి. పేగులో తడి, ఆహారం తగిలాక మేలుకుంటాయి.

నీళ్లలో ఇస్తే వేడి బాధ ఉండదు కదా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక బ్యాచ్‌లో పొద్దున బ్లీచింగ్ వేసిన ట్యాంకులోనే ప్యాకెట్లు కలిపాం. క్లోరిన్ వాటిని పిల్లల నోటిదాకా పోనివ్వదని ఆ తరవాత గాని తట్టలేదు. కొక్కెర తెగులు రాకుండా నీళ్లలో లాసోటా టీకా ఇచ్చేటప్పుడు బ్లీచింగ్ ఆపి పాలపొడి కలిపే మనమే ప్రోబయోటిక్ దగ్గర ఆ జాగ్రత్త మరిచిపోతాం. పైగా చక్కెర కలిసిన పొడులు కోళ్లు నీళ్లు తాగే నిప్పల్ పైపుల్లో జిగురు కట్టిస్తాయి. మధ్యలో జబ్బుకు యాంటీబయోటిక్ ఇచ్చామా, పోసిందంతా వృథా.

ఇక మాంసం. ఎండలో ఆయాసపడ్డ కోడిని కోస్తే కండలోని గ్లైకోజెన్ గబగబా లాక్టిక్ ఆమ్లంగా మారి, ఒళ్లు వేడిగా ఉండగానే పీహెచ్ పడిపోతుంది, అంటే కండలో ఆమ్లత్వం పెరుగుతుంది. ప్రోటీన్ నీటిని పట్టుకోలేదు. ముక్క పాలిపోతుంది, ట్రేలో నీరు చేరుతుంది. బాసిల్లస్ మేపిన కోళ్లలో ఈ నీరు తగ్గిందని చెప్పిన ప్రయోగాలున్నాయి, తేడా కనిపించనివీ ఉన్నాయి. రొమ్ము కండ శాతం విషయంలోనూ అంతే. ఊక తడిసి, రెట్ట పలచబడి, పేగు ఇబ్బందిలో ఉన్న షెడ్డులో ఫలితం బాగా తెలుస్తుంది. అన్నీ సవ్యంగా ఉన్నచోట పెద్దగా తెలియదు. రొమ్ము కండ చెక్కలా గట్టిపడటం, తెల్ల చారలు రావడం వీటితో నయమవుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

మీరే చూసుకోవచ్చు. బాసిల్లస్ మేపిన షెడ్డు, మేపని షెడ్డు రెండిటి నుంచి ఒకే సైజు రొమ్ము ముక్కలు తీసి తూచండి. ఒక్కోదాన్ని దారంతో కట్టి, కవరుకు తగలకుండా లోపల వేలాడదీసి, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచి మళ్లీ తూచండి. మొన్న వేసవిలో మేం ఇలా చూస్తే బాసిల్లస్ షెడ్డు కవర్ల అడుగున నీరు తక్కువగా కనిపించింది. నా మనసు అటు మొగ్గడానికి అదీ ఒక కారణం.

ప్రోబయోటిక్‌గా వాడే ఈస్ట్ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) చెడ్డదేమీ కాదు, కానీ ప్రాణంతో ఉన్న ఈస్ట్‌కూ పెల్లెట్ వేడితో ఇదే గొడవ. పెరుగు, మజ్జిగ పెరటి కోళ్లకు కొంచెం పోస్తే పరవాలేదు, వేల కోళ్ల షెడ్డుకు కుదరదు. "పాత పద్ధతిలో యాంటీబయోటిక్ వేస్తే పోలా?" అనేవాళ్లకు నా జవాబు వద్దనే. పెరుగుదల కోసం వాటిని మేపడాన్ని యూరప్ 2006 నుంచే నిషేధించింది, మన దేశం 2019లో కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా ఆపేసింది. మా దుకాణంలో కొన్న మాంసం పసిపిల్లలు తింటారు.

వచ్చే బ్యాచ్‌కు నేను చేయబోయేది ఇది: మొదటి మూడు రోజులు బ్లీచింగ్ లేని నీళ్లలో లాక్టోబాసిల్లస్, మొదటి రోజు నుంచి అమ్మకం దాకా దాణాలో బాసిల్లస్. మధ్యలో యాంటీబయోటిక్ ఇవ్వాల్సి వస్తే, అది అయిపోయాక మళ్లీ రెండు రోజులు లాక్టోబాసిల్లస్. డబ్బు ఒక్కదానికే ఉందంటే బాసిల్లస్ కొనండి. ప్యాకెట్ మీద సూక్ష్మజీవి జాతి పేరు, గ్రాముకు సీఎఫ్‌యూ (బతికున్న సూక్ష్మజీవుల) లెక్క, గడువు తేదీ మూడూ ఉన్నాయో లేదో చూసే తీసుకోండి.