ఆకు రాయి చూపిన దారి: భూపాలపల్లి నుంచి వేమనపల్లి దాకా

మా మామయ్య ట్రంకు పెట్టెలో పాత పత్రికలో చుట్టి దాచుకున్న నల్లని రాతి పలక ఒకటి ఉంది. ఎప్పుడో బొగ్గు గనిలో రూఫ్ నుంచి ఊడిపడితే ఇంటికి తెచ్చుకున్నారట. దాని మీద నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు. నడుమ ఈనె, దానికి రెండు వైపులా వలలా అల్లుకున్న సన్నని గీతలు. వేలితో తడిమితే తెలుస్తాయి. గ్లాసోప్టెరిస్ అనే ఆ చెట్టు 25 కోట్ల ఏళ్ల కిందటే అంతరించిపోయింది. అలాంటి చెట్లే నదుల పక్క చిత్తడిలో కూలి, ఇసుక, బురద కింద నలిగి మన బొగ్గయ్యాయి. ఆ రాళ్లను ఆరుబయట చూద్దామని హనుమకొండ నుంచి ఆయనతో కలిసి మూడు రోజులు తిరిగాను.

భూపాలపల్లిలో గని చూడవచ్చనుకుంటే నిరాశే. అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు, రోడ్డు మీది నుంచి ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల మట్టి గుట్టలే కనిపిస్తాయి. అసలు విషయం ఊరు దాటాక ఒక వాగు కోసిన గట్టులో దొరికింది. తెల్లని ముతక ఇసుకరాయి. గోటితో గీరితే సుద్దలా పొడి రాలింది. అందులో ఏటవాలు గీతలు, ఒక వరుస మీద మరో వరుస.

"బొగ్గు పొరల మధ్య మేము తవ్వింది ఈ రాయినే, అల్లుడుగారూ" అన్నారు మామయ్య.

ఆ గీతలు ఎటు వాలితే అప్పటి ప్రవాహం అటు సాగినట్టు. ఈ ప్రాణహిత-గోదావరి లోయలో వాటిని కొలిచిన భూగర్భ శాస్త్రవేత్తలు ఆనాటి నదులు మొత్తం మీద ఉత్తరం వైపు పారాయని తేల్చారు. ఇప్పటి గోదావరి ఆగ్నేయంగా పోతోంది. ఆ గట్టు దగ్గర గంటన్నర నిలబడ్డాం. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు అదే, దానికి టికెట్టూ లేదు, బోర్డూ లేదు.

రాత్రి బస కాళేశ్వరంలో. గది సాదాగా, శుభ్రంగా ఉంది. శివరాత్రి రోజుల్లో మాత్రం గది ముందే చూసుకోవాలి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలను దర్శించుకుని, తెల్లవారుజామున ప్రాణహిత గోదావరిలో కలిసే చోట కూర్చున్నాం. పెద్దవాళ్లతో వెళ్లేవారికి రేవు మెట్ల దగ్గర జాగ్రత్త అవసరం.

మరునాడు వంతెన దాటి మహారాష్ట్రలోని సిరొంచ వెళ్లాం. మాట్లాడుకున్న కారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది, అందుకే వడధం శిలాజ పార్కులో రాయిగా మారిన చెట్ల మానులను తీరిగ్గా చూడలేకపోయాం. ఆ ఒక్క చోటుకే సగం రోజు కేటాయించండి. సిరొంచ దగ్గరి కోట అనే ఊరి పేరే ఇక్కడి జురాసిక్ (డైనోసార్ల కాలపు) రాతి పొరలకు పెట్టారు. అక్కడి నుంచి ప్రాణహిత మీది వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల చేరాం.

బసకు మంచిర్యాలే మేలు. కాజీపేట నుంచి నేరుగా రైలు ఉంది, భోజనానికి వెతుక్కోనక్కర లేదు. నేను దిగిన లాడ్జిలో వేడినీళ్లు రాలేదు. గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూడండి.

మూడో రోజు వేమనపల్లి వైపు, యామన్‌పల్లికి. ఒకే జాతికి చెందిన కనీసం 12 డైనోసార్ల ఎముకలు దొరికింది ఈ చుట్టుపక్కలే. 1988లో ఆ జాతికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఊరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది, ఊరి దారిలో మాత్రం ఆ సంగతి చెప్పే ఒక్క పలక కూడా మాకు కనిపించలేదు. నాకు నిజంగా బాధ కలిగింది. చెన్నూరులోనో మంచిర్యాలలోనో ఒక చిన్న ప్రదర్శనశాల పెట్టి, నమూనా ఎముకలూ ఆకు అచ్చులూ ఉంచితే గని కార్మికుల పిల్లలు ఎంత ఇష్టంగా చూస్తారు! దారిలో హోటళ్లు తక్కువ, నీళ్లు, టిఫిను వెంట ఉంచుకోండి. రాళ్లను తవ్వవద్దు, ఏరుకురావద్దు.

అసలు అస్థిపంజరం హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. తిరుగు రైల్లోనే మామయ్య అడిగారు, ఈ ఆదివారం వెళ్దామా అని. ఆకు పలక కూడా సంచిలో పెట్టుకుంటారట, అక్కడి వాళ్లకు చూపించాలని.