పాత ఎంజీబీకి ఆటోనగర్ 3డి అలైన్‌మెంట్ ఎలా ఉంది?

విజయవాడ ఆటోనగర్‌లో 3డి వీల్ అలైన్‌మెంట్ (కెమెరాలతో చక్రాల కోణాలు కొలిచి సరిచేసే) షాపులకు కొదవ లేదు. ఎంజీబీ లాంటి పాత స్పోర్ట్స్ కారుకి కూడా అక్కడ పని బాగానే జరుగుతుంది. కాకపోతే ఏ సెట్టింగ్ కావాలో ఓనరే కాగితం మీద రాసి పట్టుకెళ్ళాలి. 1962–80 మధ్య తయారైన ఈ బండి మెషిన్ జాబితాలో ఉండకపోవచ్చు. అప్పుడు ఆపరేటర్ దగ్గరగా కనిపించిన ఏదో మోడల్ నొక్కేస్తాడు. ఆపైన స్క్రీన్ మీద పచ్చరంగు వచ్చినా, ఎర్రరంగు వచ్చినా అది వేరే బండి లెక్కే.

ఎంజీబీ ఫ్యాక్టరీ లెక్క ఇది: క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలు) 7 డిగ్రీలు, కేంబర్ (ఎదురుగా చూస్తే చక్రం వాలు) పాజిటివ్, అంటే పైభాగం బయటికి, 1 డిగ్రీ, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) 1/16 నుంచి 3/32 అంగుళం. వీటిలో షాపులో తిప్పి సరిచేసేది టో ఒక్కటే. కేంబర్ ఎర్రగా కనబడగానే కొందరు జాకీ పెట్టి 'బెండ్ తీస్తాం' అంటారు. మారుతీ స్ట్రట్‌కి చేసే ఆ పనిని ఎంజీబీ మీద అస్సలు చెయ్యనివ్వకండి. ఇక్కడ చక్రాన్ని పై వైపు పట్టుకునే ఆర్మ్ షాక్ అబ్జార్బర్ చెయ్యే. కేంబర్ బాగా తేడాగా ఉందంటే బుష్‌లో (కీళ్ళలోని రబ్బరు తొడుగు), కింగ్‌పిన్‌లో (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే నిలువు కడ్డీ) అరుగుదల వెతకాలి.

అందుకే ర్యాంప్ ఎక్కించే ముందే చక్రం పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి. ప్లే (వదులు) ఉంటే బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపండి. ప్లే పోతే బేరింగ్‌ది, పోకపోతే కింగ్‌పిన్‌ది. కింగ్‌పిన్ లూజుగా ఉండగా అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బు దండగ. చక్రం గాల్లో ఉండగానే నిపుల్స్‌కి గ్రీజు కొట్టిస్తే అది అన్ని వైపులకీ చేరుతుంది.

ఇక టో సంగతి. చక్రాలు దొర్లేటప్పుడు రోడ్డు రాపిడికి రబ్బరు బుష్‌లు ఒత్తుకుని ముందు చక్రాలు కొంచెం బయటికి తెరుచుకుంటాయి, టో-ఇన్ ఇచ్చేది దానికోసమే. రేడియల్ టైర్లకి ఫ్యాక్టరీ ఇచ్చిన గరిష్ఠ అంకె అక్కర్లేదు. మా సిఫారసు మొత్తం 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్లు. మెషిన్ నిమిషాల్లో (డిగ్రీలో అరవయ్యో వంతు) చూపిస్తే 14 అంగుళాల రిమ్‌కి అది సుమారు 7 నుంచి 14, అంటే ఒక్కో చక్రానికి అందులో సగం. సున్నా పెడితే స్టీరింగ్ చురుగ్గా తిరుగుతుంది గానీ హైవే మీద బండి నిలకడగా పోదు. టో-ఇన్ ఎక్కువైతే టైరు బయటి అంచు తింటుంది. అరచేత్తో బయటి నుంచి లోపలికి నిమిరితే నున్నగా, వెనక్కి తెస్తే గరుగ్గా తగులుతుంది.

పనిలో ఎక్కువగా చెడేది టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) దగ్గరే. రెండు వైపులా సమానంగా తిప్పాలి. ఒక్క వైపే తిప్పితే ర్యాక్ (స్టీరింగ్ పళ్ళ కడ్డీ) మధ్యలో ఉండదు, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, మలుపు ఒక పక్క తక్కువ పడుతుంది. లాక్‌నట్‌తోపాటు రబ్బరు బూటు క్లిప్ కూడా వదులు చెయ్యమనండి, లేదంటే బూటు మెలిపడి చిరుగుతుంది. వైర్ వీల్స్ అయితే రిమ్ కొంచెం ఊగులాడుతుంది కనుక బండిని ముందుకీ వెనక్కీ దొర్లించి చేసే రన్‌అవుట్ సవరణ తప్పకూడదు. తొందరలో దాన్ని వదిలేసే షాపుకి వెళ్ళకపోవడమే మంచిది.

వెనక కమాన్ కట్టల మీద బిగించిన యాక్సిల్‌కి సర్దుబాటేమీ లేదు. థ్రస్ట్ కోణం (వెనక చక్రాలు బండిని తోసే దిశ) తేడాగా చూపిస్తే యు-బోల్టులు, కమాన్ బుష్‌లు చూడాలి.

టెస్ట్ డ్రైవ్‌కి గుంటూరు వైపు హైవే చాలు. ఎడమ అంచున రోడ్డు వాలుకి బండి అటే లాగుతుంది, కాబట్టి మధ్య లేన్‌లో చూడండి. ముందు, తర్వాత కొలతల ప్రింటు రెండూ అడిగి తీసుకోండి.