కదిరి దగ్గర మట్టి ఇళ్ళ వర్క్‌షాప్: గోడ బాగా నేర్పారు, కప్పు వదిలేశారు

మట్టితో గోడ కట్టడం నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు ఎవరడిగినా ఈ వర్క్‌షాప్‌కి వెళ్ళమనే చెప్తాను. మట్టి ఇల్లు మొత్తం కట్టడం వచ్చేస్తుందని ఆశపడి వెళ్తే మాత్రం వెలితిగా ఉంటుంది. రెండూ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఫీజు కట్టేముందు నాకు ఈ విషయాలు చెప్పినవాళ్ళు లేరు.

నేను వెళ్ళింది మా ఊరి ఇంటి కోసం. నంద్యాల వైపు పాత మట్టి మిద్దె మాది, అంటే చదునైన మట్టి కప్పు ఉన్న ఇల్లు. కొన్నేళ్ళ కిందట నాన్న గోడలకి సిమెంటు పూత వేయించారు. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి లేక ఆ పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది, ఊడుతూ లోపలి మన్నుని కూడా లాక్కొచ్చింది. హైదరాబాదులో నేను అడిగిన ఇంజనీర్లంతా "పడగొట్టి స్లాబు వేయించుకోండి మేడమ్" అన్నవాళ్ళే. నాకేమో ఆ గోడల్ని బాగుచేయడం తెలిసినవాళ్ళు కావాలి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది, మనం కట్టేది ఉత్తుత్తి గోడ కాకపోవడం. చాలాచోట్ల నేర్చుకునేవాళ్ళ చేత నాలుగడుగుల గోడ కట్టించి, ఫొటోలు తీయించి, తర్వాతి బ్యాచ్ కోసం పడగొట్టేస్తారు. ఇక్కడ ఆ ఊరి మహిళా సంఘానికి కొర్ర, అండుకొర్ర, వేరుశనగ విత్తనాలు దాచుకోవడానికి ఒక గది కావాలి. దాన్నే కడతాం. సంఘం వాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి, నిన్న పెట్టిన వరసని చేత్తో తట్టి చూసేవాళ్ళు. ఒకరోజు ఒక మూల కొద్దిగా బయటికి తోసుకొచ్చినట్టుంటే, శిక్షకులు ఏమీ అనకముందే ఒకామె తూకం గుండు వేసి చూపించి తీయించేసింది. గింజలు పోసుకునేది వాళ్ళు కదా. అంత నిక్కచ్చిగా చూసేవాళ్ళు పక్కన ఉంటే పని దానంతటదే శ్రద్ధగా సాగుతుంది.

మొదట మట్టిని గుర్తుపట్టడం నేర్పారు, అది కూడా తొందరపడకుండా. గాజు సీసాలో సగం దాకా మన్ను, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి కదలకుండా పెడతాం. ఇసుక నిమిషంలోపే అడుక్కి చేరుతుంది, దానిపైన ఒండ్రు, అన్నిటికన్నా పైన బంకమన్ను. పూర్తిగా తేరుకోవడానికి ఒక రోజైనా పడుతుంది. పొరల మందం స్కేలుతో కొలిస్తే ఏది ఎంత ఉందో తెలుస్తుంది. ఇది కాక, తడిపిన మన్నుని వేలి లావున తాడులా పేని, బల్ల అంచు మీద నుంచి మెల్లగా కిందికి జరుపుతూ పోవాలి. 5 సెంటీమీటర్లలోపే తెగిపోతే ఇసుక ఎక్కువ. 15 దాటినా తెగకపోతే బంక ఎక్కువ, అలాంటి మన్నుతో కట్టిన గోడ ఆరేటప్పుడు పగుళ్ళు తీస్తుంది. ఆ ఊరి ఎర్రమన్ను ముందే తెగిపోయింది. చెరువులో పూడిక తీసిన నల్లమన్ను తెచ్చి పాళ్ళు మార్చి మార్చి కలిపి, పచ్చి ఇటుకలు అచ్చు తీసి ఎండబెట్టి చూశాం. మూడు పాళ్ళ ఎర్రమన్నుకి ఒక పాలు చెరువుమన్ను కలిపిన ఇటుక పగలకుండా నిలిచింది. మీ ఊళ్ళో ఈ లెక్క ఇలాగే ఉండదు. పాళ్ళు అప్పజెప్పకుండా, వాటిని ఎలా పట్టుకోవాలో నేర్పారు, అందుకు వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి.

మన్ను తొక్కే దగ్గర సంఘం అవ్వ ఒకామె ఉండేది. రాత్రంతా నానిన మన్నులో వరిగడ్డి చల్లుతూ తొక్కుతుంటాం. కాలికి బరువుగా తగలగానే అందరం మగ్గు కోసం చెయ్యి చాపేవాళ్ళం. "ఇంగ నీళ్ళు పొయ్యొద్దమ్మీ, ఎంత తాగితే అంత పగుల్తాది" అని మగ్గు లాగేసుకునేది. ఆరేటప్పుడు మన్ను కుంచించుకుపోవడం గురించి క్లాసులో గంటసేపు చెప్పింది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. మన్ను కాలివేళ్ళ మధ్య నుంచి జారకుండా ముద్దలా పైకి లేవాలి, గడ్డి విడిగా కనపడకూడదు, చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా ఉండాలి. అలా వచ్చాక ముద్దల్ని చేతికందిస్తూ వరుసగా నిలబడతాం. గోడ మీద ఉన్నవాళ్ళు ముద్దని విసిరి కొట్టి, బొటనవేలితో కింది వరసలోకి కుట్టినట్టు దిగ్గొడతారు. ఒక్కో వరస అడుగు, అడుగున్నర ఎత్తు పెట్టి ఆపేయాలి. అది గట్టిపడకుండా మీద బరువు వేస్తే కింద ఉబ్బుతుంది. ఆరేలోపు పక్కగోడ పని, ఇటుకల పని చూసుకుంటాం.

పునాది మీద అడుగున్నర దాకా రాతికట్టే. దీని గురించి వాదనే లేదు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు నీళ్ళలో నిలిచిన మట్టి గోడలు ఎలా కూలాయో మా బంధువుల ఇళ్ళలో చూశాను. వాన పైనుంచి పడితే మట్టి గోడ తట్టుకుంటుంది, చూరు రెండు మూడు అడుగులు బయటికి ఉంటే చాలు. కిందనుంచి నానితేనే దానికి చావు. గదిలో నేలకి తాడిపత్రి బండలు పరిచి, సందుల్లో సున్నం దట్టించారు, ఎలుకలు తవ్వకుండా.

భూకంపాల సంగతి కూడా వదలకుండా చెప్పారు. మట్టి ఇళ్ళకి మన దేశంలో ప్రమాణమే ఉంది, ఐఎస్ 13827, 1993లో వచ్చింది. గోడ ఎత్తు దాని మందానికి 8 రెట్లు మించకూడదు, తలుపూ కిటికీ 1.2 మీటర్లకన్నా వెడల్పు ఉండకూడదు, మూలకి అంత దూరంలోనైనా ఉండాలి. మేం కట్టిన గదికి ఇవన్నీ టేపు పెట్టి కొలిపించారు. 2001 కచ్ భూకంపంలో అక్కడి గుండ్రటి మట్టి ఇళ్ళు, భుంగాలు, ఎందుకు నిలబడ్డాయో బొమ్మ వేసి వివరించారు. మన ఉత్తరాంధ్ర తీరంలో జాలరుల చుట్టిళ్ళది కూడా అదే ఆకారం, తుఫాను గాలి దాని చుట్టూ జారిపోతుంది, ఎదురుగా కొట్టడానికి మూల ఉండదు.

ఇక కప్పు. గది మీద ఇనుప పైపులు, పెంకులు. కాంట్రాక్టు మనుషులు వచ్చి, మేం మధ్యాహ్నం క్లాసులో ఉండగా బిగించేసి వెళ్ళిపోయారు. అడిగితే "అది మా కోర్సులో లేదండీ" అన్నారు. రాయలసీమలో కూర్చుని మట్టి ఇల్లు నేర్పుతూ మిద్దె మాట ఎత్తకపోవడం నాకు బాగా బాధ కలిగించింది. మిద్దె కప్పంటే దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న వాసాలు, కట్టెలు, బోద గడ్డి, ఆపైన చవుడు మన్ను. చవుట్లో ఉప్పు గుణం వల్ల తడవగానే ఆ మన్ను మెత్తగా విడిపోయి సందులన్నీ మూసేస్తుంది, నీళ్ళు అంత తేలిగ్గా కిందికి దిగవు. ఇంత తెలివైన పని ఈ నేల మీదే పుట్టింది. దాని ప్రమాదం కూడా ఇక్కడే చెప్పాలి. కారినప్పుడల్లా కొత్త చవుడు పోస్తూ పోతే కప్పు బరువు పెరిగిపోతుంది. 1993 సెప్టెంబరు 30న లాతూరు వైపు కిల్లారి భూకంపంలో వేలమంది పోయింది ఇలాంటి బరువైన మట్టి కప్పులు, సరిగా కట్టుబడి లేని రాతి గోడలు మీదపడే. పాత చవుడు తీసేసి కొత్తది వేయాలన్న ఒక్క జాగ్రత్త చెప్పినా మిద్దెలున్న ఊళ్ళకి ఎంతో మేలు.

స్లైడుల్లో మొరాకో, యెమెన్ కట్టడాలు ఎన్నో చూపించారు, చూడ్డానికి బాగున్నాయి. వర్క్‌షాప్ పక్క వీధిలో కప్పులో వదిలిన గవాచిల్లోంచి వెలుగు పడే, ఇంకా మనుషులు కాపురం ఉంటున్న మిద్దె ఉంది. అక్కడికి ఎవరూ తీసుకెళ్ళలేదు. అవ్వని బతిమాలి నేనే వెళ్ళాను. ఆ ఇంటాయన నిచ్చెన వేసి పైకి ఎక్కించి, వానాకాలం ముందు చవుడు ఎలా సర్దుతాడో చూపించాడు. మట్టి కప్పు గురించి నాకు తెలిసిన ఆ కాస్తా అక్కడ తెలిసిందే. ఇంకో మాట కూడా నిర్వాహకులు ఆలోచించాలి. అవ్వకీ, గోడల మేస్త్రికీ రోజుకూలి ఇస్తున్నారు, మంచిదే. కానీ మాకిచ్చిన సర్టిఫికెట్ మీద, బోర్డు మీద శిక్షకులుగా ఉన్నవి బయటినుంచి వచ్చిన ఆర్కిటెక్టుల పేర్లే. సగం పాఠం చెప్పినవాళ్ళ పేర్లు కూడా ఆ వరసలో ఉండాలి.

భోజనం బాగుంది, రాగిసంగటి, ఊరుబిండి, పప్పు. పడక చాపల మీద, బాత్రూములు తక్కువ, పొద్దున్నే లైను తప్పదు. ఫీజు తొమ్మిది వేలు, తిండీ వసతీ కలిపి, నాకు ఎక్కువ అనిపించలేదు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు ముందే చెప్తే అచ్చుల పనో పూతల పనో ఇస్తారు.

పూతల గురించి నేర్చుకున్నది నాకు వెంటనే పనికొచ్చింది. సిమెంటు మొత్తం గీకేసి, ముందు మన్నూ గడ్డీ కలిపిన పూత, అది ఆరాక నానబెట్టిన సున్నానికి మూడింతలు సన్న ఇసుక కలిపిన పలచని పూత. సున్నం చెమ్మని బంధించదు, లోపలి మన్నుని ఊపిరి పీల్చుకోనిస్తుంది. మా ఇంట్లో వంటింటి గోడ ఒకటి ఇలాగే చేయించాం. ఒక వానాకాలం గడిచింది, పెచ్చు ఊడలేదు. మిగతా గోడలు ఈ వేసవిలో మొదలుపెడుతున్నాం.

మట్టి చవక కదా, ఇల్లు కూడా చవగ్గా అయిపోతుందనుకునేవాళ్ళకి ఒక మాట. మన్నుకి డబ్బు పెద్దగా కాదు, మనుషులకి అవుతుంది. ఆ గదికి రాయి, కప్పు, కూలీ పోగా మట్టి ఖర్చు ట్రాక్టరు బాడుగే. ఊరంతా తలో చెయ్యి వేస్తేనే లెక్క కుదురుతుంది.

తర్వాతి బ్యాచ్ సంక్రాంతి దాటాక, వానలు లేని రోజుల్లో పెడతారట. వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టేముందు ఫోన్ చేసి, ఈసారి కప్పు పని మన చేత చేయిస్తారా, ఊళ్ళో మిద్దెలు చూపిస్తారా అని గట్టిగా అడగండి. నలుగురైదుగురు అడిగితే పెడతారు, మాట వినే మనుషులే.