మందుల షాపు ఓఆర్ఎస్ ప్యాకెట్: లాంగ్ రైడ్‌కీ, రేసుకీ ఎంతవరకు పనికొస్తుంది?

విరేచనాలు పట్టుకుంటే డాక్టర్లు రాసే ఓఆర్ఎస్ పొడిని సైకిల్ బాటిల్లో కలుపుకుని వెళ్లేవాళ్లు మన రైడర్లలో, ట్రయాథ్లెట్లలో (ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకే రేసులో చేసేవాళ్లలో) చాలామందే ఉన్నారు. మొదటి కారణం ధర. పెద్ద ప్యాకెట్ ఇరవై రూపాయల పైచిలుకే. రెండోది, హైవే పక్కన ఏ చిన్న ఊళ్లో ఆగినా మెడికల్ షాపులో దొరుకుతుంది. స్పోర్ట్స్ కంపెనీల ఉప్పు బిళ్లలు, జెల్స్ (పరుగులో మింగే చిక్కటి తీపి పాకం పొట్లాలు) అలా దొరకవు. ఈ సమీక్ష ఎలక్ట్రాల్ లాంటి 21.8 గ్రాముల సాదా డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్ గురించి. తీర్పు ముందే చెప్పేస్తే: ఉప్పు కోసమైతే దీన్ని మించింది లేదు, శక్తి కోసమైతే దండగ. దీంతో దెబ్బతిన్నామనే వాళ్లలో ఎక్కువమంది ఒక్క ప్యాకెట్‌తో రెండు పనులూ జరగాలని ఆశించినవాళ్లే.

ప్యాకెట్ వెనక చూడండి. లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5. మిగిలిన కాస్తా ఫ్లేవరు, ఇతర పొడులు. లెక్క కడితే లీటరులో సోడియం 75 మిల్లీమోల్స్, అంటే సుమారు 1,725 మిల్లీగ్రాములు. పొటాషియం 780 మిల్లీగ్రాముల చిల్లర. అమెరికాలో అమ్మే మామూలు గేటరేడ్‌లో లీటరుకు సోడియం 450 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అంటే దానికి దాదాపు నాలుగు రెట్లు. శక్తి మాత్రం లీటరంతా తాగినా 54 కేలరీలే. మూడు గంటల రైడ్‌లో గంటకు 50-60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాల్సినవాడికి 13.5 గ్రాములు ఏ మూలకు?

అసలు ఇందులో గ్లూకోజ్ పెట్టింది శక్తి కోసం కాదు. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజ్ ఒకే ద్వారం గుండా జంటగా లోపలికి వెళ్తాయి. వాటి వెనకే నీళ్లూ వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో పెట్టిన శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడింది ఈ సూత్రంతోనే. 2002లో డబ్ల్యూహెచ్ఓ ఈ ఫార్ములా గాఢతను తగ్గించింది. అంతకుముందు ఆస్మోలారిటీ, అంటే లీటరు ద్రవంలో కరిగి ఉన్న కణాల లెక్క, 311 ఉండేది, ఇప్పుడు 245. రక్తం కంటే పలచన కాబట్టి పేగు త్వరగా పీల్చుకుంటుంది. పంచదార దట్టించిన కూల్‌డ్రింక్ కడుపులో కదలకుండా కూర్చునేది, ఇది జారిపోయేది అందుకే.

అయితే రైడర్ కలరా రోగి కాదు. చెమటలో సోడియం మనిషిని బట్టి లీటరుకు 20 నుంచి 80 మిల్లీమోల్స్ దాకా మారుతుంది. ఎక్కువమందిది 40-50 చుట్టూ ఉంటుంది. కాబట్టి ప్యాకెట్ మీద రాసినట్టు లీటరులో కలిపితే చాలామందికి వాళ్ల చెమట కంటే ఉప్పగా తయారవుతుంది. వ్యాయామానికి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లకు ఒక ప్యాకెట్ సరిపోతుంది. లీటరున్నరలో కలిపితే లీటరుకు 1,150 మిల్లీగ్రాముల సోడియం, రెండు లీటర్లలో కలిపితే 860. జెర్సీ ఆరాక వీపు మీద, హెల్మెట్ పట్టీ మీద తెల్లటి చారలు దట్టంగా కట్టేవాళ్లు మొదటిదాన్ని, మిగతావాళ్లు రెండోదాన్ని ఎంచుకోవచ్చు. ఈ పలచన కొలత ఆటకు మాత్రమే. ఇంట్లో పిల్లకో పెద్దకో విరేచనాలైతే ప్యాకెట్‌కు లీటరు నీళ్లే, చుక్క ఎక్కువా తక్కువా కాదు.

పెద్ద ప్యాకెట్‌తో వచ్చే చిక్కు సగం వాడి సగం దాచుకోవడం. విశాఖ బీచ్ రోడ్డు గాలిలో తెరిచిన పొడి పూట గడిచేలోగా ముద్ద కడుతుంది. ముద్దలో ఉప్పు ఒకచోట, గ్లూకోజ్ ఒకచోట చేరి కొలత తప్పుతుంది. దీనికి విరుగుడు 200 మిల్లీలీటర్లకు ఇచ్చే 4.4 గ్రాముల చిన్న ప్యాకెట్లు. ఒక్కోదాంట్లో 345 మిల్లీగ్రాముల సోడియం. 750 మిల్లీలీటర్ల సైకిల్ బాటిల్లో రెండు, 500 మిల్లీలీటర్ల సాఫ్ట్ ఫ్లాస్క్‌లో ఒకటి, దాబా దగ్గర కొన్న లీటరు నీళ్ల సీసాలో మూడు. తూకం అక్కర్లేదు, జెర్సీ జేబులో పది పడతాయి. గ్రాము లెక్కన పెద్ద ప్యాకెట్ కంటే ఖరీదే, అయినా రోడ్డు మీద వాడాల్సింది ఇవే.

ఎంత కావాలో తెలియాలంటే తూకం యంత్రం ఒకటి చాలు. మీరు నిజంగా రైడ్ చేసే సమయంలో, రేసు వేగంతో గంటసేపు తొక్కండి. ముందు ఒంటి మీద తడి లేకుండా, తక్కువ బట్టలతో తూగండి, తర్వాత చెమట తుడుచుకుని మళ్లీ తూగండి. ముందు 68.0 కిలోలు, తర్వాత 67.1, మధ్యలో తాగింది అర లీటరు అనుకుంటే గంటకు చెమట 1.4 లీటర్లు. మధ్యలో మూత్రానికి వెళ్తే ఆ లెక్క చెడుతుంది, కాబట్టి ముందే వెళ్లి రావాలి. ఈ పరీక్ష డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చేయాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద నీడలో వచ్చిన అంకె అనంతగిరి ఎక్కుడుకు పనికిరాదు. పోయిన 1.4 లీటర్లూ తాగి తీరాలనీ కాదు. గంటకు లీటరు దాటితే చాలామంది కడుపు మొరాయిస్తుంది, పరుగులో ఇంకా ముందే. శరీర బరువులో రెండు శాతం దాకా తగ్గినా ఇబ్బంది లేదు. పెరగడమే అసలు ప్రమాదం, దాని సంగతి కింద.

ఇక శక్తి. 750 మిల్లీలీటర్ల బాటిల్లో రెండు చిన్న ప్యాకెట్లు, 45 గ్రాముల పంచదార వేస్తే 50 గ్రాముల కార్బోహైడ్రేట్, 690 మిల్లీగ్రాముల సోడియం వస్తాయి. ఆస్మోలారిటీ 300 దగ్గర, అంటే ఇంచుమించు రక్తంతో సమానం. గంటకు ఒక బాటిల్. చౌకగా, ఏ కిరాణా కొట్టు సరుకుతోనైనా చేసుకోగలిగిన స్పోర్ట్స్ డ్రింక్ ఇది, రుచి తప్ప వంక పెట్టడానికి లేదు. ఆ రుచి మాత్రం మూడో గంటలో, బాటిల్ వేడెక్కాక, నోటికి అంటుకునే ఉప్పుతీపిగా మారి విసుగు పుట్టిస్తుంది. సగం పంచదార బదులు మాల్టోడెక్స్ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే, తీపి తక్కువ పొడి) వేస్తే తీపి తగ్గుతుంది, అణువులు పెద్దవి కాబట్టి గాఢతా తగ్గుతుంది. గంటకు 90 గ్రాములు తినగలిగేలా కడుపును అలవాటు చేసుకున్నవాళ్లకు 60 గ్రాముల పంచదార, 30 గ్రాముల మాల్టోడెక్స్ట్రిన్ కలిపితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండుకి ఒకటి పాళ్లలో పడతాయి. కానీ అది 750 మిల్లీలీటర్లలో చిక్కటి పాకం, పక్కన మామూలు నీళ్లు తాగాల్సిందే. రాత్రే బాటిల్‌ను సగం నింపి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున మిగతా సగం పోసుకుంటే మే నెలలో కూడా రెండో గంట వరకు చల్లదనం నిలుస్తుంది.

గ్లూకాన్-డి వేసుకుంటే చాలదా అంటే చాలదు. అది దాదాపు అంతా గ్లూకోజే, ఉప్పు నామమాత్రం. కొబ్బరి నీళ్లలో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ. దాహానికి హాయిగా ఉంటాయి, చెమట లోటు మాత్రం తీర్చవు. నిజమైన పోటీ మజ్జిగది. గ్రాము ఉప్పు వేసిన గ్లాసు మజ్జిగలో 390 మిల్లీగ్రాముల సోడియం. రైడ్ ముగిశాక ఓఆర్ఎస్ కంటే అదే మేలని వాదించేవాళ్లతో పేచీ లేదు. ఎండలో బాటిల్లో పెట్టుకెళ్లలేం, అంతే.

ఆటను బట్టి వాడకం మారుతుంది. గోవా ఐరన్‌మ్యాన్ 70.3 తీసుకోండి: మిరామార్ దగ్గర సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైక్లింగ్, 21.1 పరుగు. ఈతకు పావుగంట ముందు 250-300 మిల్లీలీటర్లు తాగితే సరి. ఆ తర్వాతే అసలు చిక్కు. సముద్రపు నీటిలో లీటరుకు 10 గ్రాములకు పైగా సోడియం ఉంటుంది. అలల్లో తెలియకుండా 100 మిల్లీలీటర్లు మింగినా గ్రాము సోడియం లోపలికి పోయినట్టే. సైకిల్ ఎక్కగానే ఓఆర్ఎస్ బాటిల్ ఎత్తితే కడుపు తిప్పడానికి కారణం ఇదే. మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు సాదా నీళ్లు, ఆ తర్వాతే ఉప్పు బాటిల్. చెరువులోనో కొలనులోనో ఈదే రేసులో ఈ జాగ్రత్త అక్కర్లేదు. సైకిల్ మీద తినడం, తాగడం సులువు కాబట్టి రోజు మొత్తానికి కావాల్సిన ఉప్పులో పెద్ద వాటా అక్కడే ముగించాలి. పరుగులో 500 ఫ్లాస్క్‌లో ఒక చిన్న ప్యాకెట్, అరగంటకో జెల్. జెల్‌ను మాత్రం ఎయిడ్ స్టేషన్ నీళ్లతోనే మింగాలి. పంచదార కలిపిన ఓఆర్ఎస్‌తో మింగితే కడుపులో గాఢత పెరిగి, పేగు నీటిని పీల్చుకోవడం మాని తిరిగి వదులుతుంది. పదిహేనో కిలోమీటరు దగ్గర పక్కన నిలబడి పొట్ట పట్టుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే.

బ్రెవే అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. 200 కిలోమీటర్ల బ్రెవేకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటల గడువు. అంతసేపు తీపి తాగుతూ ఎవరూ ఉండలేరు. అక్కడ పంచదార మానేసి ఓఆర్ఎస్‌ను ఉప్పు కోసమే వాడి, శక్తిని ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండ్ల నుంచి తీసుకోవడం తెలివి. పెరుగన్నంలో ఆవకాయ ఉంటే, ఉప్మా తింటే ఆ గంట బాటిల్లో ప్యాకెట్ కలపనక్కర్లేదు. గంట లోపు పరుగుకు, పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ ఒక రౌండుకు ఇదేదీ అవసరం లేదు.

తప్పులు ఎక్కువగా జరిగేది మూడు చోట్ల. లీటరు ప్యాకెట్‌ను అర లీటరు బాటిల్లో గుమ్మరించడం మొదటిది. లీటరుకు 150 మిల్లీమోల్స్ అవుతుంది, వాంతో విరేచనమో ఖాయం. ఓఆర్ఎస్ తాగుతూనే సాల్ట్ క్యాప్సూల్స్ కూడా మింగడం రెండోది. ఏదో ఒకటే లెక్కలోకి తీసుకోవాలి. మూడోది ప్రాణం మీదకు తెచ్చేది. ఓఆర్ఎస్ తాగుతున్నాం కదా, ఎంత తాగినా ఫర్వాలేదనుకోవడం. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే పడిపోవడానికి ముఖ్య కారణం ఉప్పు పోవడం కంటే అతిగా తాగడమే. పూర్తి గాఢత ఓఆర్ఎస్‌లో కూడా సోడియం రక్తంలో ఉన్నదానిలో దాదాపు సగమే, కాబట్టి అతిగా తాగితే అదీ పలచన చేస్తుంది. ఉంగరం బిగుసుకోవడం, వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వికారం, మాట తడబడటం కనిపించి, రేసు మొదటి కంటే బరువు పెరిగితే ఇంకా తాగించకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిక్కలు పట్టేయడం మాత్రం వేరే సంగతి. అలవాటు లేని వేగానికి అలిసిన కండరమే చాలాసార్లు దానికి కారణం. ప్యాకెట్ మీద ప్యాకెట్ తాగినా పోదు, ఆగి సాగదీస్తేనే వదులుతుంది.

రేసు అయ్యాక సెలైన్ ఎక్కించుకునే మోజు మన ఊళ్లలో ఇంకా ఉంది. నోటితో తాగగలిగిన మనిషికి అది అనవసరం. పైగా ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి సెలైన్ ఎక్కించుకోవడం వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత పద్ధతుల్లో ఉంది. పోయిన ప్రతి కిలోకూ లీటరుంపావు నుంచి లీటరున్నర, రెండు మూడు గంటల్లో కొంచెం కొంచెంగా తాగండి. పెద్ద ప్యాకెట్‌ను దాని అసలు కొలతలో, లీటరుకు ఒకటి చొప్పున కలుపుకోవాల్సింది ఇప్పుడే. ఆ గాఢతలో ఒంట్లో నిలిచే నీరు సాదా నీళ్లతో నిలిచే దానికంటే ఎక్కువ.

కొనేటప్పుడు ‘డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా’ అన్న మాట, 75 మిల్లీమోల్స్ సోడియం ఉన్నాయో లేదో చూడండి. ఓఆర్ఎస్ పేరుతో టెట్రా ప్యాక్‌ల్లో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. ఆ ఫార్ములా కాని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. తీపి పానీయం రైడర్‌కు విషమేమీ కాదు, కాకపోతే ఉప్పు వస్తుందనుకుని కొంటే అందులో రాదు. నారింజ, యాపిల్ ఫ్లేవర్ల కంటే సాదాదే మేలు, పంచదార కలిపాక ఫ్లేవరు మరీ వెగటు.

బీపీ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీన్ని అలవాటు చేసుకోకూడదు. సోడియంతో పాటు పొటాషియం కూడా ఉంది, కొన్ని బీపీ మందులు పొటాషియాన్ని ఒంట్లోనే ఆపేస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు పంచదార కలిపే బాటిల్ విషయం విడిగా మాట్లాడుకోవాలి. వ్యాయామం లేని రోజు ఆఫీసులో కూర్చుని తాగాల్సినదైతే కాదు.

కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి. పంచదార ఉంటే ఇంకా ముందే, సాయంత్రానికే బాటిల్ లోపల జిగురు కడుతుంది. మూత ముక్కును విప్పి వేడినీళ్లలో నానబెట్టి, చిన్న బ్రష్‌తో తోమకపోతే నల్లబూజు అక్కడే మొదలవుతుంది. హ్యాండిల్ మధ్య పెట్టుకునే ఏరో బాటిల్ వాడేవాళ్లు రైడ్ కాగానే స్టెమ్ బోల్టులు, హెడ్‌సెట్ పైమూత, బాటిల్ కేజ్ స్క్రూలు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. కారిన ఉప్పునీటికి స్టీలు బోల్టులు ఒక్క వేసవిలో తుప్పుపట్టి, అలెన్ కీకి తల అరిగిపోయేలా బిగుసుకుంటాయి. నెలకోసారి విప్పి గ్రీజు పెడితే ఆ బాధ ఉండదు.