జార్జియా ఎర్రమట్టి మరకల మీద ఆక్సాలిక్ యాసిడ్: కొన్నేళ్ళ వాడకం తర్వాత

అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో కొత్త ఇల్లు కొన్నవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. గృహప్రవేశమై ఏడాది తిరగకముందే ముందు గోడలో కింది ఇటుకల వరసలు నారింజ రంగుకు తిరుగుతాయి, డ్రైవ్‌వే అంచుల్లో కాంక్రీట్ ఎర్రబారుతుంది. మా ఇల్లు కమ్మింగ్‌లో. ముందువైపు ఇటుక, మిగతా మూడు వైపులా సిమెంటు పలకల సైడింగ్. ఈ మరకలకు కొన్నేళ్ళుగా నేను వాడుతున్నది ఆక్సాలిక్ యాసిడ్ పొడి. హార్డ్‌వేర్ షాపుల్లో పెయింట్ల వైపు ‘వుడ్ బ్లీచ్’ అని డబ్బాల్లో దొరుకుతుంది. కొనేముందు లేబుల్ మీద ఆక్సాలిక్ యాసిడ్ అని ఉందో లేదో చూసుకోండి, వేరే రసాయనాలనూ ఇదే పేరుతో అమ్ముతారు. పట్టిన మరకను తీయడంలో, ఇంట్లోవాళ్ళం సొంతంగా వాడుకోగలిగిన వాటిలో, దీన్ని మించింది నాకు కనబడలేదు. మరక మళ్ళీ రాకుండా మాత్రం ఇది ఏమీ చేయలేదు. దానికి నేల సంగతి చూసుకోవాలి.

ఈ ప్రాంతాన్ని పీడ్‌మాంట్ అంటారు. అడుగున గ్రానైట్, నైస్ లాంటి రాళ్ళు. వేడికీ వానకీ యుగాలుగా ఆ రాళ్ళు మెత్తబడి బంకమట్టి అయ్యాయి. కరిగేవన్నీ వాన నీటితో కొట్టుకుపోగా ఇనుము ఆక్సైడ్‌గా మిగిలిపోయింది. మట్టికి ఎరుపు హెమటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల, పసుపు గోథైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం వల్ల వస్తుంది. మా నల్గొండ చెలకల ఎరుపుకీ ఇనుమే కారణం, అక్కడా అడుగున ఉన్నది గ్రానైట్ జాతి రాయే. బంకమట్టి రేణువు 2 మైక్రాన్ల కంటే సన్నగా ఉంటుంది. ఇటుకలోనూ కాంక్రీట్‌లోనూ ఉండే కంటికి కనబడని రంధ్రాల్లోకి వాన నీటితో పాటు దిగి, నీరు ఆరిపోయాక లోపలే ఉండిపోతుంది. పైన మట్టంతా పోయినా రంగు మిగిలేది అందుకే.

ఇనుప ఆక్సైడ్ నీళ్ళలో కరగదు. ఆక్సాలిక్ యాసిడ్ ఆ ఇనుమును పట్టుకుని నీళ్ళలో కరిగే రూపంలోకి మారుస్తుంది. చింతపండు పట్టించిన ఇత్తడి బిందెలాగే, ఇక్కడా చేతి బలం కంటే పులుపు చేసే పనే ఎక్కువ.

చుట్టుపక్కలవాళ్ళు ఎక్కువగా ఇచ్చే సలహా క్లోరిన్ బ్లీచ్. అది నాచుకీ బూజుకీ పనికొస్తుంది, ఇనుము రంగును తాకదు. రెండోది ప్రెషర్ వాషర్. పైన పేరుకున్న మట్టిని అది బాగానే తీస్తుంది, కానీ మరక పోలేదని నాజిల్‌ను దగ్గరగా పెట్టి కొడితే పోయేది ఇటుక పైపొర, ఇటుకల మధ్య సిమెంటు. ఒకసారి పైపొర పోయిన ఇటుక తర్వాత మట్టిని ఇంకా ఎక్కువ పీలుస్తుంది. మూడోది మ్యూరియాటిక్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్. అది సిమెంటునే తినేస్తుంది. డ్రైవ్‌వే మీద పోస్తే నున్నటి పైభాగం పోయి లోపలి ఇసుక, కంకర తేలతాయి. లేత రంగు ఇటుకల మీద ఆకుపచ్చ, పసుపు మరకలు కొత్తగా పుట్టిస్తుంది. మా వీధిలో ఒక ఇంటి గోడ అలా పాడైంది. ఇంటి పని కోసం దాన్ని కొనొద్దని అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను.

నేను చేసే పద్ధతి ఇది. మట్టి పూర్తిగా ఆరాక నైలాన్ బ్రష్‌తో పొడిగానే దులుపుతాను. తడిగా ఉన్నప్పుడు రుద్దితే అది ఇంకా లోపలికి పోతుంది. ఇనుప తీగల బ్రష్ వద్దే వద్దు, దాని ముక్కలు గోడలో ఇరుక్కుని తుప్పు పట్టి కొత్త మరకలవుతాయి. తర్వాత హోస్‌తో గోడను బాగా తడుపుతాను, ముఖ్యంగా మరక కింద ఉన్న భాగాన్ని. ఇటుక ముందే నీళ్ళు తాగి ఉంటే యాసిడ్ లోతుకు పోకుండా పైనే పనిచేస్తుంది, కారిన చోట చారలు పడవు. ప్లాస్టిక్ బకెట్‌లో గ్యాలన్ వేడి నీళ్ళకు సుమారు ఒక కప్పు పొడి కలుపుతాను. చల్లటి నీళ్ళలో ఇది త్వరగా కరగదు, అడుగున పలుకులుగా మిగులుతుంది. ప్లాస్టిక్ పంపు స్ప్రేయర్‌తో చల్లి, పది పదిహేను నిమిషాలు ఆరిపోకుండా చూసుకుంటాను. ఎండ గోడ మీద పడే వేళ ఇది కుదరదు, అందుకే మబ్బు రోజో, సాయంత్రమో ఎంచుకుంటాను. ఈలోపు నారింజ రంగు పలచబడటం కళ్ళకు కనిపిస్తుంది. ఒకసారి మెల్లగా రుద్ది, మామూలు హోస్ ధారతోనే కడుగుతాను. ఇటుక గోడ అడుగున చెమ్మ పోవడానికి వదిలిన చిన్న సందులుంటాయి, వాటిలోకి ధార కొట్టకూడదు.

ముందు ఒక మూల చిన్న జాగాలో వేసి, ఆరాక చూడాలి. ఇటుకలన్నీ ఒక్కలాంటివి కావు. కొన్నిటికి పైన ఇసుక పూత ఉంటుంది, అలాంటి వాటిని ఎక్కువ రుద్దితే పూత పోతుంది.

డ్రైవ్‌వే పని ఇంతకంటే మొండిది. మా ఆయన ప్రెషర్ వాషర్‌కు గుండ్రటి సర్ఫేస్ క్లీనర్ తగిలించి ముందు మట్టి లాగేస్తారు. ఉత్త గొట్టంతో కొడితే కాంక్రీట్ మీద చారలు మిగులుతాయి. ఆ తర్వాత నేను యాసిడ్ నీళ్ళు పోసి పుష్ బ్రూమ్‌తో పరుస్తాను. కాంక్రీట్‌లోని కాల్షియంతో కలిసి ఒక్కోచోట తెల్లటి పొర తేలుతుంది. అది కాల్షియం ఆక్సలేట్, నీళ్ళలో కరగదు. వేసింది ఆరనివ్వకుండా కడిగేస్తే ఆ పొర పెద్దగా రాదు. చివర్లో బేకింగ్ సోడా నీళ్ళు పోస్తే మిగిలిన పులుపు విరుగుతుంది. పాత మరకలు ఒక్కసారికి పోవు. రెండో విడతకు సిద్ధపడే మొదలుపెట్టాలి. కొత్తగా పోసిన కాంక్రీట్ మీద నెల రోజులు దాటేదాకా ఏ యాసిడూ పోయకండి.

జాగ్రత్తల విషయంలో నేను మొహమాటపడను. ఆక్సాలిక్ యాసిడ్ విషం. పాలకూరలో, చుక్కకూరలో కొద్దిగా ఉండేది ఇదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పొడి రూపంలో ఇది లోపలికి పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు, పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. పిల్లలు, కుక్కలు లోపలే ఉండాలి. క్లోరిన్ బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. కాబట్టి నాచు కోసం బ్లీచ్ వాడి ఉంటే నీళ్ళతో బాగా కడిగి, ఇంకో రోజు ఈ పని పెట్టుకోండి. గోడ పక్కన గోంగూర మడో పూల మొక్కలో ఉంటే ముందూ తర్వాతా నీళ్ళతో తడిపి, ప్లాస్టిక్ షీట్ కప్పాలి. కడిగిన నీళ్ళు రోడ్డు పక్క వాననీటి డ్రెయిన్‌లోకి పోకుండా అడ్డం కట్టాలి. అందులో పడింది ఏ శుద్ధీ లేకుండా వాగులోకి పోతుంది. మా వైపు నీళ్ళు బిగ్ క్రీక్‌లో, అక్కడినుంచి చటహూచీ నదిలో కలుస్తాయి. ఆ నది నీళ్ళే అట్లాంటా తాగుతుంది.

ఇంత చేసినా, గోడ పక్కన మట్టి బోసిగా ఉంటే రెండు పెద్ద వానలకే మరక తిరిగొస్తుంది. చినుకు పడిన వేగానికి మట్టి ఎగిరి ఇటుకలకు తగులుతుంది. మా ఇంట్లో ఎక్కువ తేడా తెచ్చింది గోడ పొడుగునా పరిచిన గులకరాళ్ళు. మొక్కల పాదుల్లో పైన్ స్ట్రా, అంటే రాలిన పైన్ చెట్ల ఎండు ఆకులు వేస్తాం, అది ఏటా కొత్తది వేయాలి. ఇంటి కప్పు మీది వాన నీళ్ళు దింపే గట్టర్ గొట్టం కింద సిమెంటు పలక పెట్టి నీళ్ళను గోడకు దూరంగా మళ్ళించాం. బెర్ముడా గడ్డి చలికాలంలో ఎండిపోతుంది. పలచగా ఉన్నచోట మట్టి కదిలేది అప్పుడే, అందుకని ఆ జాగాలను ఎండాకాలంలోనే పూడ్చుకోవాలి.

పక్క ప్లాట్‌లో ఇల్లు కడుతుంటే మన జాగ్రత్త చాలదు. మా పక్కన కట్టినప్పుడు ప్రతి వానకీ బురద మా డ్రైవ్‌వే మీదికి వచ్చేది. ఆ బిల్డర్‌కు ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు. జార్జియాలో మట్టి కోతను ఆపడానికి 1975 నుంచే చట్టం ఉంది, కట్టే చోట సిల్ట్ ఫెన్స్ (బురదను ఆపే గుడ్డ కంచె) లాంటి అడ్డుకట్టలు ఉండాలి. ఫొటోలు తీసి కౌంటీకి రాయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. మేం రాశాకే అక్కడ కంచె నిలబడింది.

ఇక సీలర్ సంగతి, అంటే నీళ్ళూ మరకా లోపలికి ఇంకకుండా వేసే మందు. పైన పొరలా నిలవకుండా లోపలికి ఇంకే సిలేన్, సిలోక్సేన్ అనే రసాయనాల రకం మంచిది. మెరుపునిచ్చే పూత రకం ఇటుకకు వద్దు. గోడలోని చెమ్మ బయటికి పోలేక, చలికి గడ్డకట్టి, ఇటుక పెచ్చులు ఊడుతుంది. ఏది వేసినా మరకలన్నీ తీసి, పూర్తిగా ఆరాకే వేయాలి, లేకపోతే రంగు లోపల ఉండిపోతుంది. గ్యారేజీ వైపు సగం డ్రైవ్‌వేకు మేం వేశాం. అక్కడ మట్టి పడినా హోస్‌తోనే పోతోంది. రోడ్డు వైపు సగానికి ఇంకా యాసిడ్ పని మిగిలే ఉంది.