డర్బన్ వల, ఫిష్ హోక్ వల: పేరొకటే, పని వేరు

జనవరిలో దక్షిణాఫ్రికా వెళ్ళొచ్చాం, నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి. డర్బన్‌లో నాలుగు రాత్రులు, దాని పక్కనే ఉన్న ఉమ్‌ష్లాంగాలో రెండు, ఆ తర్వాత విమానమెక్కి కేప్ టౌన్ దిగి ఫిష్ హోక్‌లో మూడు. సఫారీల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. మేం వెళ్ళిందే సముద్రం కోసం. మా అమ్మాయికి నీళ్ళంటే పిచ్చి, నాకు సొరచేపలంటే హడల్, ట్రిప్ మొత్తం ఈ రెండింటి మధ్యే నడిచింది.

బయల్దేరే ముందు నాకు తెలిసిందల్లా డర్బన్ బీచ్‌లకి వలలు కట్టి ఉంటాయని. వల అనగానే నేను ఊహించుకుంది కంచె. ఈ చివర నుంచి ఆ చివర దాకా, నీటి పైనుంచి అడుగు ఇసుక దాకా, లోపల మనం, బయట అవి. ఆ ధైర్యంతోనే మొదటిరోజు గోల్డెన్ మైల్ అనే డర్బన్ బీచ్‌ల వరుసలో నడుం లోతు నీళ్ళలో గంటసేపు నిలబడ్డాను. అది కంచె కాదని తెలిసింది మూడోరోజు.

ముందు బస సంగతి. డర్బన్‌లో బీచ్ ఎదురుగా ఒక పాత బిల్డింగ్ పదో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాం, రాత్రికి 1,300 రాండ్లు. కిటికీ తెరిస్తే హిందూ మహాసముద్రం, లిఫ్ట్ మాత్రం రెండుసార్లు ఆగిపోయింది, ఏసీ చప్పుడు రైలింజన్‌లా ఉండేది. ఇంటావిడ ఇంటిపేరు నాయుడు, అక్కడి స్పెల్లింగ్‌లో చివర రెండు 'ఓ'లు. 1860 తర్వాత చెరకు తోటల కూలీలుగా ఓడలెక్కి వచ్చినవాళ్ళ సంతతి. తెలుగు రాదు, 'అమ్మమ్మ' అనే మాట మాత్రం మనలాగే పలికింది. పొద్దున్నే సముద్రం పక్కన నడవడానికి, సైకిల్ తొక్కడానికి ఆ రోడ్డుకి సాటి లేదు. చీకటి పడ్డాక మాత్రం నడవొద్దని అందరూ చెప్పారు, మేమూ నడవలేదు. నాలుగు రోజుల్లో ఒకరోజు మా ఎదురుగా ఉన్న బీచ్ మూసేశారు. సొరచేప వచ్చిందేమో అని నేను కంగారుపడితే, కాదట, వానకి మురుగునీళ్ళు కలిశాయట!

మూడోరోజు తెల్లవారుజామున హార్బర్ నుంచి పడవ ఎక్కాం. వలల్ని చూసుకునేది క్వాజూలూ-నాటల్ షార్క్స్ బోర్డ్ అనే సంస్థ, వాళ్ళు పొద్దున్నే వలలు తనిఖీ చేస్తుంటే పక్కనుంచి చూడొచ్చు. సముద్రం ఊపుకి మా ఆవిడకి వాంతులు, మాత్ర వేసుకుని ఎక్కండి. ఒక్కో వల 214 మీటర్ల పొడవు, 6 మీటర్ల లోతు. ఒడ్డుకి అరకిలోమీటరు లోపు దూరంలో, 10 నుంచి 14 మీటర్ల లోతు నీళ్ళలో, ముక్కలు ముక్కలుగా రెండు వరుసల్లో వేలాడుతుంటాయి. మధ్యలో ఖాళీలు, కింద ఖాళీ. అంటే మన మత్స్యకారులు వేసే వలే, కాస్త పెద్ద కన్నులతో. అది సొరని ఆపదు, పట్టుకుంటుంది. ఒడ్డు దగ్గర వాటి సంఖ్య తగ్గించడమే దాని పని.

మేం చూస్తుండగా మొదట లేచింది ఒక టేకు చేప (ఇంగ్లీషులో రే). బతికే ఉంది. ఒకతను వంగి, దాని రెక్క మీద బిగుసుకున్న దారాన్ని వేళ్ళతో ఒక్కోటి తప్పించి వదిలాడు, రెండు క్షణాలు అలాగే తేలి, ఒక్కసారి రెక్క కొట్టి కిందికి వెళ్ళిపోయింది. తర్వాతి వలలో సుత్తితల సొర పిల్ల, మా అమ్మాయంత పొడుగు కూడా లేదు, చచ్చిపోయి ఉంది. ఆ జాతికి వలలో చిక్కితే ఎక్కువసేపు ప్రాణం నిలవదట. మనుషుల మీదకొచ్చేవిగా ఇక్కడ ప్రధానంగా లెక్కేసేవి మూడు, జాంబెజీ, టైగర్, తెల్లసొర. ఈ పిల్ల ఆ మూడింట్లో లేదు. వలకి ఆ తేడా తెలీదు కదా. తాబేళ్ళు, డాల్ఫిన్లు కూడా పడతాయి, ఉత్తరాన రిచర్డ్స్ బే దగ్గర హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు చిక్కుకోవడం మరీ బాధ, అవి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి.

డర్బన్‌లో నాలుగు రాత్రులయ్యాక ఉమ్‌ష్లాంగాకి మారాం. హోటల్ శుభ్రంగా ఉంది, టిఫిన్ బాగుంది, రేటు డర్బన్ ఫ్లాట్‌కి రెట్టింపు, అది తప్ప చెప్పడానికేం లేదు. అక్కడికెళ్తే షార్క్స్ బోర్డ్ ఆఫీసు మాత్రం తప్పక చూడండి. వలల్లో చచ్చినవాటిని పరిశోధన కోసం కోస్తారు, జనం ఎదుట కోసి చూపించే రోజులూ ఉంటాయి, ముందే కనుక్కుని వెళ్ళాలి. ముందు వరుసలో కూర్చోకండి, ఆ వాసన బట్టల్ని రెండు రోజులు వదల్లేదు. సొర చర్మాన్ని తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా, వెనక్కి నిమిరితే గరుకు కాగితంలా ఉంది. పొట్ట కోస్తే సగం కాలేయమే. మా అమ్మాయి చెయ్యెత్తి అడిగింది: "ఇది లోపలికొస్తూ పడిందా, బయటికెళ్తూ పడిందా?" చూపించే ఆయన నవ్వి మంచి ప్రశ్న అన్నాడు. వలల్లో పడేవాటిలో మూడోవంతు దాకా ఒడ్డు వైపు నుంచే చిక్కుకుంటాయట. అంటే అప్పటికే ఈతగాళ్ళ పక్కన తిరిగొచ్చి వెనక్కి వెళ్తున్నవి. నా గంటసేపు ధైర్యం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

అలాగని వలల్ని తిట్టిపోయడం నా వల్ల కాదు. 1943 నుంచి 1952లో వలలు వేసేదాకా డర్బన్‌లో ఏడుగురు సొరల దాడుల్లో పోయారు, ఆ తర్వాత అక్కడి వల ఉన్న బీచ్‌లలో ఒక్కరూ పోలేదు. 1957-58 వేసవిలో డర్బన్‌కి దక్షిణాన ఉన్న తీరంలో నాలుగు నెలలు తిరక్కుండా ఐదుగురు చనిపోతే, పర్యాటకులు మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. అది చూసినవాళ్ళు వల తీసేయమంటే ఎందుకు ఊరుకుంటారు? 2007 నుంచి కొన్నిచోట్ల కొన్ని వలలు తీసి, తేలే డ్రమ్ముకి ఎరతో పెద్ద కొక్కెం వేలాడదీస్తున్నారు, దానివల్ల డాల్ఫిన్లు, టేకులు చాలావరకు బతుకుతున్నాయి. సొరలకి మాత్రం అదీ చావే. జూన్, జూలైలో కవ్వలు (సార్డీన్ చేపలు) గుంపులుగా తీరం వెంట వచ్చినప్పుడు, వాటి వెనక డాల్ఫిన్లూ తిమింగలాలూ వస్తాయని వలలు పైకి తీసేస్తారు, ఈతా ఆపేస్తారు. ఆ నెలల్లో చూడ్డానికి వెళ్ళండి, ఈతకి కాదు.

ఇక ఫిష్ హోక్. కేప్ టౌన్ నుంచి అరగంట పైన కారు ప్రయాణం, కొండ వాలులో గెస్ట్‌హౌస్, రాత్రికి 1,600 రాండ్లు, ఇంటాయన చేతి కాఫీ అద్భుతం, వైఫై మాత్రం ఉన్నా లేనట్టే. నీళ్ళు డర్బన్‌తో పోలిస్తే చల్లన, కాలు పెట్టగానే కెవ్వుమంటారు. ఇక్కడి వల మాత్రం నేను ఇంట్లో కూర్చుని ఊహించుకున్నదే! సన్న కన్నులు, అడుగు దాకా దిగుతుంది, బీచ్‌కి దక్షిణం మూలని చుట్టేస్తుంది. 2013 నుంచి వేస్తున్నారు, పొద్దున పడవతో పరిచి సాయంత్రం తీసేస్తారు. కన్నులు అంత సన్నం కాబట్టి చేప తల దూరదు, రాత్రి నీళ్ళలో ఉండదు కాబట్టి తిమింగలం తగలదు. గాలి ఎక్కువైతే వెయ్యరు, మాకు మూడు రోజుల్లో ఒకరోజు అలాగే పోయింది. ఆ రోజు కొండమీద బైనాక్యులర్స్‌తో కూర్చునే షార్క్ స్పాటర్స్ జెండాలే దిక్కు: ఆకుపచ్చ అంటే నీళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి, సొర లేదు, నలుపు అంటే సరిగ్గా కనపడట్లేదు, ఎరుపు అంటే జాగ్రత్త, తెల్ల జెండా మీద నల్ల సొర బొమ్మ, సైరన్ మోత అంటే పరుగో పరుగు. మా రోజున నల్ల జెండా, మా అమ్మాయిని ఇసుకలోనే ఆడుకోమన్నాను, రోజంతా మూతి ముడుచుకుంది.

ఇంకో విచిత్రం, ఫిష్ హోక్ ఉన్న ఫాల్స్ బే అనే అఖాతంలో ఇప్పుడు తెల్లసొరలు కనిపించడమే అరుదైపోయింది. ఓర్కాలు (కిల్లర్ వేల్స్) తమని వేటాడుతుంటే తరలిపోయాయని కొందరు, చేపల వేటతోపాటు అటు తూర్పు తీరంలోని వలలూ కొక్కేలూ కూడా కారణమని ఇంకొందరు, ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. తెల్లసొరకి చట్టంతో రక్షణ ఇచ్చిన మొదటి దేశం ఇదే, 1991లో. అదే దేశంలో, అనుమతితోనే, ఆ వలలు.

ఎక్కడ దిగాలంటే, వెచ్చటి నీళ్ళు, తక్కువ ఖర్చు, మన మొహాలు కావాలంటే డర్బన్, లిఫ్ట్ పనిచేసే బిల్డింగ్ చూసుకోండి. పిల్లల్ని నీళ్ళలో వదిలి ఒడ్డున ప్రశాంతంగా కూర్చోవాలంటే, పిల్లలు చలికి తట్టుకుంటారంటే, ఫిష్ హోక్. కాకపోతే వల వేసే రోజులు కనుక్కుని బుక్ చేసుకోండి, ఏడాది పొడుగునా వెయ్యరు.

చివరి సాయంత్రం వల పడవలోకి లాగుతుంటే చూడ్డానికి నిలబడ్డాం. గుప్పెళ్ళకొద్దీ సముద్రపు నాచు దులుపుతున్నారు, ఒకబ్బాయి ఏదో పైకెత్తి మా వైపు ఊపాడు. పొద్దున మా అమ్మాయి పోగొట్టుకున్న ఈత కళ్ళజోడు. ఆరోజు వలలో పడింది అదొక్కటే.